పత్రంలో లేని పేరు: రక్త క్యాన్సర్ పరిశోధనలో సుబ్బారావు స్థానం ఎక్కడ?

వరాఛా (సూరత్): వజ్రాలకు సానపట్టే కార్ఖానాలకు, వస్త్ర పరిశ్రమకు పేరుపొందిన సూరత్ నగరంలోని వరాఛాలో పెద్ద మందుల దుకాణానికి వెళ్లి అడిగితే మెథోట్రెక్సేట్ అనే చిన్న మాత్ర దొరుకుతుంది. కీళ్లవాతంతో వేళ్లు వంగని వృద్ధురాలికి, సోరియాసిస్‌తో బాధపడే కార్మికునికి, రక్త క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న పసిబిడ్డకు కూడా వైద్యులు రాసే మందు ఇదే. ఖరీదైన క్యాన్సర్ మందుల మధ్య సామాన్యునికి అందుబాటులో ఉన్న బహుకొద్ది మందుల్లో ఇది ఒకటి కావడం గమనార్హం.

ఈ మందు రూపొందిన పరిశోధనశాలకు సారథ్యం వహించిన శాస్త్రవేత్త పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించిన తెలుగువాడు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మరమగ్గాల మీద జీవనోపాధి వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ చేరిన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడిపింది. అయినప్పటికీ ఆ మాత్రకూ తమ భాషకూ గల సంబంధం వారిలో ఎందరికి తెలుసునన్నది సందేహమే.

శాస్త్రవేత్త గొప్పతనాన్ని కొలవడానికి ఈనాడు రెండు లెక్కలు వాడుకలో ఉన్నాయి. మొదటిది ఆయన ప్రచురించిన పరిశోధన పత్రాల సంఖ్య. రెండవది ఆ పత్రాలను ఇతర పరిశోధకులు తమ రచనల్లో ఎన్నిసార్లు ఉటంకించారన్నది. ఈ లెక్కలతో చూస్తే సుబ్బారావు ఖాతా విచిత్రంగా కనిపిస్తుంది. ఆయన పేరుతో అత్యధికంగా ఉటంకింపులు పొందిన పత్రానికి క్యాన్సర్‌తో సంబంధం లేదు. రక్త క్యాన్సర్ చికిత్స చరిత్రను మలుపు తిప్పిన పత్రం రచయితల్లో ఆయన పేరు లేదు.

మూడో ప్రయత్నంలో మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుంచి ఉత్తీర్ణులయ్యారు. అనంతరం మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అది స్వదేశీ ఉద్యమ కాలం. ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందున ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారని ఆయన జీవిత చరిత్రకారులు పేర్కొన్నారు. చివరకు ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్యసేవలో స్థానం లభించక, మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో మరణించారు. తిన్న ఆహారం ఒంటికి పట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే వ్యాధి ఇది. ఆనాడు దీనికి మందు లేదు. ఉష్ణమండల వ్యాధులపై పరిశోధన చేయాలన్న పట్టుదల సుబ్బారావులో అప్పుడే బలపడింది. మామగారి ఆర్థిక సహాయంతోను, కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతోను 1922 అక్టోబర్‌లో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందారు. ఖర్చులకు చాలక ఆస్పత్రిలో రోగులకు సపర్యలు చేసే కింది స్థాయి ఉద్యోగం కూడా చేశారు. ఆ తర్వాత ఆయన మళ్లీ స్వదేశానికి తిరిగి రాలేదు.

రెండో పేరుగా మొదలు

హార్వర్డ్ వైద్య కళాశాల జీవ రసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద సుబ్బారావు పరిశోధన ప్రారంభించారు. రక్తంలోను, మూత్రంలోను ఉండే ఫాస్ఫరస్‌ను కచ్చితంగా కొలిచే పద్ధతిని వారిద్దరూ రూపొందించారు. పరీక్షించదలచిన ద్రవానికి కొన్ని రసాయనాలు చేర్చితే నీలిరంగు వస్తుంది. ఆ రంగు ఎంత గాఢంగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ ఉన్నట్లు లెక్క. చాలా స్వల్ప పరిమాణంలో ఉన్న ఫాస్ఫరస్‌ను కూడా ఈ పద్ధతిలో త్వరగా లెక్కించవచ్చు. దీన్ని వివరించే పత్రం 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ అనే పత్రికలో వెలువడింది. రచయితల వరుసలో ఫిస్క్ పేరు ముందు, సుబ్బారావు పేరు తర్వాత ఉన్నాయి.

ప్రపంచవ్యాప్తంగా జీవ రసాయన విద్యార్థులు దశాబ్దాల తరబడి ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని ప్రయోగశాలల్లో అభ్యసించారు. ఇరవయ్యో శతాబ్దంలో అత్యధికంగా ఉటంకింపులు పొందిన శాస్త్ర పత్రాల్లో ఇది ఒకటిగా నిలిచింది. ప్రచురించిన పత్రికయే 2002లో తన చారిత్రక పత్రాల శీర్షిక కింద ఈ కృషిని మళ్లీ పాఠకుల ముందు ఉంచింది.

కొలిచే సాధనం చేతికి వచ్చిన తర్వాత దానితో ఏమి కనిపిస్తుందో చూడటం మిగిలింది. కండరాల్లోని ఫాస్ఫరస్‌ను కొలుస్తుండగా, అంతవరకు ఎవరికీ తెలియని ఒక పదార్థం వారి దృష్టికి వచ్చింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఈ విషయాన్ని 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. కండరం కదిలేటప్పుడు తరిగిపోయి, విశ్రాంతి సమయంలో తిరిగి పోగయ్యే పదార్థమిది. కండర శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అభిప్రాయం అప్పట్లో బలంగా ఉండేది. కండరాలపై చేసిన పరిశోధనలకే ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఫాస్ఫోక్రియాటిన్ ఆచూకీ తెలియడంతో ఆ అభిప్రాయం సడలింది. 1929లో వారిద్దరూ కండరం నుంచి ఏటీపీ అనే మరో పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీన్ని కనుగొన్నారు. సకల జీవకణాలకూ శక్తిని అందించే నాణెం ఏటీపీయేనని నేడు పాఠశాల విద్యార్థులు సైతం చదువుకుంటున్నారు. అయితే ఆ పాఠంలో సుబ్బారావు పేరు ఉండటం అరుదు.

సుబ్బారావుకు 1930లో హార్వర్డ్ పీహెచ్.డి. ఇచ్చింది కాని శాశ్వత అధ్యాపక పదవి ఇవ్వలేదు. ఆ విభాగంలోనే విద్యార్థిగా ఉండి, తర్వాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ ఈ దశ గురించి చెప్పిన మాట ప్రసిద్ధమైనది. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను చాలా ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కొత్తగా కనుగొనవలసి వచ్చిందని, ఫిస్క్ వాటిని వెలుగులోకి రానీయకపోవడమే అందుకు కారణమని, అసూయ వల్లనే అలా జరిగినట్లు తోస్తున్నదని ఆయన అభిప్రాయం. ఇది ఒక సహచరుని అభిప్రాయమే అయినా, ప్రచురణ కాని పత్రం ఎన్ని ఏళ్ల శ్రమను వృథా చేయగలదో దీనివల్ల స్పష్టమవుతున్నది. హిచింగ్స్‌తో కలిసి సుబ్బారావు 1939లో పాంటోథెనిక్ ఆమ్లం అనే విటమిన్‌పై పత్రం ప్రచురించారు. వీరిద్దరి దారులు తర్వాత రక్త క్యాన్సర్ చికిత్సలో మళ్లీ కలుసుకోవడం విశేషం.

పదహారు మందిలో ఒకరు

సుబ్బారావు 1940లో హార్వర్డ్‌ను విడిచి, న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు. అమెరికన్ సైనమిడ్ అనే భారీ రసాయనాల కంపెనీకి చెందిన ఔషధ విభాగమది. అనతికాలంలోనే ఆయన అక్కడి పరిశోధనలకు సంచాలకులయ్యారు. ఒక్కడే కూర్చుని ప్రయోగం చేసే రోజులు పోయి, రసాయనవేత్తలను, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులను, వైద్యులను ఒక లక్ష్యం వైపు నడిపించే బాధ్యత ఆయనపై పడింది. ఆయన పేరు పత్రాలపై పలుచబడటం కూడా ఇక్కడి నుంచే మొదలయింది.

వారు చేపట్టిన తొలి లక్ష్యాల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటి. దీని కథ కూడా ఒక విధంగా పశ్చిమ భారతంలోని మిల్లు కార్మికుల మధ్యనే ఆరంభమయింది. బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ 1928 నుంచి బొంబాయిలో వస్త్ర మిల్లుల మహిళా కార్మికుల్లో గర్భిణులను పీడించే రక్తహీనతపై అధ్యయనం చేశారు. ఈస్ట్ నుంచి తీసిన పదార్థం తినిపిస్తే ఆ రక్తహీనత తగ్గుతున్నదని 1931లో ఆమె వెల్లడించారు. అందులో పనిచేస్తున్న అంశమేమిటో అప్పటికి తెలియదు. అమెరికాలోని టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని అతి స్వల్పంగా సేకరించి 1941లో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ పదం నుంచి ఆ పేరు వచ్చింది.

ఆకుల నుంచి, కాలేయం నుంచి పిండి తీస్తే చికిత్సకు చాలేంత మందు ఎన్నటికీ దొరకదు. దాన్ని రసాయనికంగా తయారుచేయడమే మార్గం. లెడర్లీ బృందం ఆ పనిని సాధించి 1945లో సైన్స్ పత్రికలో ప్రకటించింది. ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని వివరిస్తూ 1946లో అదే పత్రికలో మరో పత్రం వెలువడింది. దానిపై 16 మంది పేర్లున్నాయి. వారిలో సుబ్బారావు ఒకరు. బృందాన్ని నడిపిన వ్యక్తి ఎవరో ఆ వరుసను చూసిన పాఠకునికి తెలిసే అవకాశం లేదు. సుబ్బారావు సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడా ఫోలిక్ ఆమ్లం మందుగా ఉపయోగపడుతుందని ఆ కాలంలోనే తేలింది. గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

తల్లకిందులైన ఆలోచన

బోస్టన్‌లోని పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన చిన్నారులపై దృష్టి పెట్టారు. ఆ రోజుల్లో తీవ్ర లుకేమియా సోకిన పిల్లలు కొద్ది వారాలు, మహా అయితే కొద్ది నెలలు మాత్రమే జీవించేవారు. రక్తం ఎక్కించడం మినహా వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

ఫోలిక్ ఆమ్లం రక్తహీనతను తగ్గిస్తున్నది గనుక లుకేమియాలో కూడా మేలు చేయవచ్చునన్న ఆలోచనతో దానికి సంబంధించిన పదార్థాలను లెడర్లీ నుంచి తెప్పించి ఫార్బర్ ప్రయోగించారు. ఫలితం ఎదురు తిరిగింది. కొందరు రోగుల్లో క్యాన్సర్ కణాలు మరింత వేగంగా పెరిగినట్లు కనిపించింది. ఆ చేదు అనుభవంలోనే కొత్త దారి దొరికింది. ఫోలిక్ ఆమ్లం ఇస్తే వ్యాధి పెరుగుతున్నదంటే, దాన్ని అడ్డుకుంటే వ్యాధి తగ్గాలి కదా అన్న తర్కం ముందుకు వచ్చింది.

కణం రెండుగా చీలాలంటే లోపలి వారసత్వ పదార్థమైన డీఎన్ఏ కూడా రెట్టింపు కావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. లుకేమియాలో ఎముక మూలుగలోని పరిపక్వం కాని తెల్లకణాలు అదుపు తప్పి చీలుతూ పోతాయి. ఫోలిక్ ఆమ్లాన్ని అచ్చంగా పోలి ఉండి, దాని పని మాత్రం చేయని పదార్థాన్ని కణానికి అందిస్తే, మారు తాళంచెవి తాళంలో ఇరుక్కుపోయినట్లు ఆ ప్రక్రియ నిలిచిపోతుంది. లెడర్లీ రసాయనవేత్తలు సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్‌లు 1947లో అలాంటి పదార్థాన్ని తయారుచేసి ప్రకటించారు. దాని పేరు అమినోప్టెరిన్.

ఆ ఏడాది డిసెంబర్ చివరి వారంలో ఫార్బర్ ఈ మందును రెండేళ్ల బాలునికి ఇవ్వనారంభించారు. విపరీతంగా పెరిగిపోయిన తెల్లకణాల సంఖ్య దిగివచ్చింది. లేవలేని పిల్లవాడు లేచి తిరిగాడు. 1948 జూన్ 3న న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫార్బర్ బృందం పత్రం వెలువడింది. మందు తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. మేలు తాత్కాలికమేనని రచయితలు పత్రం శీర్షికలోనే చెప్పుకున్నారు. వ్యాధి తిరగబెట్టి ఆ పిల్లలు మరణించారు. అయినప్పటికీ ఒక రసాయనంతో లుకేమియాను వెనక్కు నెట్టవచ్చునని లోకానికి తెలియజెప్పిన పత్రమది. దానిపై ఫార్బర్, డైమండ్, మెర్సర్, సిల్వెస్టర్, వుల్ఫ్ అనే ఐదుగురి పేర్లున్నాయి. వారంతా వైద్యులు. మందును రూపొందించిన బృందానికి చెందిన వారు ఆ వరుసలో లేరు.

ఈ పత్రం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో సుబ్బారావు గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు.

సూరత్‌కు మూడుసార్లు

లెడర్లీలో సుబ్బారావు సారథ్యంలో వచ్చిన మందులు రక్త క్యాన్సర్‌తో ఆగలేదు. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్ 1947లో అక్కడి నుంచే వచ్చింది. దానిపై రెడ్జినాల్ హెవిట్ తదితరులు పనిచేశారు. గోదావరి, కృష్ణా తీర గ్రామాలకు సుపరిచితమైన బోదకాలు దక్షిణ గుజరాత్‌ను కూడా చిరకాలం పీడించింది. దేశమంతటా సామూహికంగా మింగించే కార్యక్రమాల్లో వాడిన మాత్ర ఇదే.

మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త ఆరియోమైసిన్ అనే మందును వెలికితీసింది కూడా లెడర్లీలోనే. 1948లో ప్రకటితమైన ఆ మందు టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. 1994 సెప్టెంబర్‌లో సూరత్‌లో ప్లేగు వ్యాపించిందన్న వార్తతో లక్షలాది జనం రైళ్లలోను, బస్సుల్లోను, లారీల్లోను నగరం విడిచిపోయిన దృశ్యాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. వజ్రాల కార్ఖానాలు మూతపడ్డాయి. సౌరాష్ట్ర నుంచి వచ్చిన కార్మికులు స్వగ్రామాలకు తరలిపోయారు. ఆనాడు నగరమంతా వెతికిన మందు, ప్రభుత్వం పంపిణీ చేసిన మందు టెట్రాసైక్లిన్. బోదకాలు మాత్ర, ప్లేగు మందు, క్యాన్సర్ మందు ఈ మూడూ ఒకే పరిశోధనశాల నుంచి, ఒకే సంచాలకుని హయాంలో మొదలయిన పరంపరకు చెందినవి కావడం యాదృచ్ఛికమే అయినా విశేషమే.

ఇదిలా ఉండగా లెడర్లీ మాతృసంస్థకు దక్షిణ గుజరాత్‌తో నేరుగా సంబంధం కూడా ఉంది. పారిశ్రామికవేత్త కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ 1947లో వల్సాడ్ సమీపంలో అతుల్ రసాయన పరిశ్రమను స్థాపించినప్పుడు సాంకేతిక సహకారం అందించిన విదేశీ సంస్థ అమెరికన్ సైనమిడ్. సూరత్ నుంచి ముంబై వెళ్లే రైలు మార్గంలోనే ఆ ఊరు ఉంది.

తాత్కాలికం నుంచి శాశ్వతానికి

అమినోప్టెరిన్‌కు కొద్ది మార్పు చేసి లెడర్లీ రసాయనవేత్తలు అమెథాప్టెరిన్‌ను తయారుచేశారు. మెథోట్రెక్సేట్ దాని మరో పేరు. దీనిని వైద్యులు మరింత అదుపుతో వాడగలిగారు. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు గర్భంలోని మాయ కణాల నుంచి పుట్టే క్యాన్సర్‌ను ఈ మందుతో నయం చేసినట్లు వెల్లడించారు. గడ్డగా ఏర్పడే క్యాన్సర్‌ను మందుతో మాత్రమే నయం చేయడం అదే మొదటిసారి.

సుబ్బారావు పాత సహచరుడు హిచింగ్స్, ఆయన సహోద్యోగిని గెర్ట్రూడ్ ఎలియన్ కలిసి 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మరో మందును రూపొందించారు. అది 1953లో లుకేమియాకు అనుమతి పొందింది. ఒక్కొక్క మందుతో కొద్ది నెలలు మాత్రమే లాభం కలుగుతుండగా, అనేక మందులను కలిపి సుదీర్ఘకాలం ఇవ్వాలన్న విధానం క్రమంగా స్థిరపడింది. 1962 నుంచి మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆస్పత్రిలో డొనాల్డ్ పింకెల్ దీన్ని పట్టుదలతో అమలుచేశారు. మెదడులో దాగే క్యాన్సర్ కణాలను కూడా నిర్మూలించాలని నిర్ణయించారు. ఆ తర్వాత దశాబ్ద కాలంలో దాదాపు సగం మంది పిల్లలు పూర్తిగా కోలుకునే స్థితి వచ్చింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో ఇప్పుడు సంపన్న దేశాల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది బతికి బయటపడుతున్నారు.

ఈ చికిత్స మలిదశ నేటికీ రెండు పాత మందుల మీదనే నిలబడి ఉంది. రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్. ఒకే విభాగంలో పనిచేసి, 1939లో ఒక విటమిన్ పత్రంపై పక్కపక్కన పేర్లు పెట్టిన ఇద్దరి పరిశోధనశాలల నుంచి వచ్చిన మందులవి. ఒకరికి నోబెల్ బహుమతి లభించింది. మరొకరు అంతకు 40 ఏళ్ల ముందే కన్నుమూశారు.

లెక్కకు దొరకనిది

ఉటంకింపులను క్రమపద్ధతిలో లెక్కించడం యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో ప్రారంభించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌తో మొదలయింది. అప్పటికి సుబ్బారావు మరణించి 16 ఏళ్లు గడిచాయి. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-సూచికను ప్రతిపాదించారు. ఒక శాస్త్రవేత్తకు కనీసం 20 ఉటంకింపులు పొందిన పత్రాలు 20 ఉంటే ఆయన సూచిక 20. ఒకే పత్రం వెయ్యిసార్లు ఉటంకింపు పొంది, మరేమీ లేకపోతే ఆయన సూచిక కేవలం ఒకటి. మన దేశంలో కూడా విశ్వవిద్యాలయాల అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు ప్రచురణలను మార్కులుగా లెక్కకట్టే పద్ధతిని యూజీసీ 2010లో ప్రవేశపెట్టింది. అది తర్వాత పలు సవరణలకు లోనయింది.

ఈ లెక్కలు నిరుపయోగమని ఎవరూ అనరు. పరిచయం, సిఫారసు, కులం, ప్రాంతం అనేవాటి కంటె పత్రాల సంఖ్య నయమైన కొలమానమే. అయితే అది మూడు చోట్ల విఫలమవుతుందని సుబ్బారావు ఉదంతం చెబుతున్నది. మొదటిది, ఆవిష్కరణ అందరికీ తెలిసిపోయిన కొద్దీ దాన్ని ఉటంకించేవారు తగ్గిపోతారు. ఏటీపీ గురించి రాసే పరిశోధకుడు నేడు 1929 నాటి పత్రాన్ని పేర్కొనడు. రెండవది, బృందాన్ని నడిపినవారి కృషి పేర్ల వరుసలో కనిపించదు. మూడవది, ప్రచురణ కాని పనికి లెక్కలో సున్నా తప్ప మరేదీ రాదు.

ఇక్కడ మరో జాగ్రత్త కూడా అవసరం. తెలుగువాడన్న అభిమానంతో మెథోట్రెక్సేట్ ఘనత మొత్తాన్ని సుబ్బారావుకే కట్టబెడితే, ఆయనకు జరిగిన లోపాన్నే ఇతరులకు జరిపినట్లవుతుంది. అమినోప్టెరిన్ అణువును ప్రయోగశాలలో నిర్మించినవారు సీగర్, ఆమె సహచరులు. దాన్ని పిల్లలకు ఇచ్చి ఫలితాన్ని రాసినవారు ఫార్బర్, ఆయన సహచరులు. ఏ మందు కోసం ఎవరు ఏమి చేయాలో నిర్ణయించి, వారందరినీ ఒక చోటికి చేర్చినవాడు సుబ్బారావు. రచయితల జాబితాలో ఆ పనికి ప్రత్యేకమైన గడి లేదు.

మరణానంతరం ఆయనకు కొంత గుర్తింపు లభించింది. 1953లో ఒక శిలీంధ్ర జాతికి సుబ్బరోమైసెస్ అని పేరు పెట్టారు. పాత్రికేయుడు ఎస్.పి.కె. గుప్త రాసిన జీవిత చరిత్ర 1987లో వెలువడింది. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్ల విడుదల చేసింది.

గుజరాత్ ఆగితే అమెరికాకు కొరత

న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన ఈ మందు ఆర్థిక ప్రయాణం కూడా తల్లకిందులయింది. పేటెంట్ల కాలం ఏనాడో ముగిసింది. భారతీయ కంపెనీలు దీన్ని చౌకగా తయారుచేసి ప్రపంచమంతటికీ పంపుతున్నాయి. 2022 చివరలో అహ్మదాబాద్ సమీపంలోని ఒక ఔషధ కర్మాగారంలో అమెరికా తనిఖీ అధికారులు నాణ్యతా లోపాలను గుర్తించగా అక్కడ ఉత్పత్తి నిలిచిపోయింది. దరిమిలా 2023లో అమెరికా ఆస్పత్రులు సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్‌లతో పాటు మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్లకు కూడా కటకటలాడాయి. చౌక మందులో లాభం తక్కువ గనుక తయారుచేసేవారు కొద్దిమందే మిగలడం ఇందుకు మూలకారణమని నిపుణులు విశ్లేషించారు.

సూరత్ వంటి వలస కార్మికుల నగరంలో సమస్య వేరు. మాత్ర ధర తక్కువే. చికిత్స మాత్రం రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. పనిదినాలు పోగొట్టుకుని, అద్దె ఇంటిని వదులుకుని, బిడ్డ కాస్త తేరుకోగానే సొంత ఊరికి వెళ్లిపోయి చికిత్సను మధ్యలో మానుకునే కుటుంబాలు మన దేశంలో తక్కువేమీ కాదు. సంపన్న దేశాల ఫలితాలకూ మన ఫలితాలకూ మధ్య గల అంతరానికి ఆలస్యంగా గుర్తించడం, ఇన్‌ఫెక్షన్లు సోకడంతో పాటు ఇలా మానుకోవడం కూడా ఒక ముఖ్య కారణమని వైద్యులు హెచ్చరిస్తున్నారు. వారానికి ఒకసారి వేయవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం కలుగుతుందని, ఏ రోజున వేయాలో చీటీపై స్పష్టంగా రాయించుకోవాలని కూడా వారు సూచిస్తున్నారు.

వరాఛాలో సానపట్టిన వజ్రం ఏ దేశంలో ఎవరి ఉంగరంలో మెరిసినా, దానిపై సానపట్టినవాని పేరు ఉండదు. పనితనం మాత్రం రాతిలో ఉంటుంది. సుబ్బారావు పత్రాలను లెక్కించేవారు లెక్కిస్తూనే ఉంటారు. ఆ లెక్కతో నిమిత్తం లేకుండా, వారంలో నిర్ణీత రోజున ఏదో ఒక ఇంట్లో ఒక తల్లి ఆ చిన్న మాత్రను తీసి బిడ్డ చేతిలో పెడుతూనే ఉంటుంది.